గుబ్బి విమానంలో ఒడిబియ్యం

జహీరాబాద్‌లో కిరాణా దుకాణం నడిపే మనిషి విమానమెక్కి మైసూరు పోయివచ్చాడంటే ప్యాలెస్ సంగతి చెబుతాడని అందరూ అనుకుంటారు. ప్యాలెస్ చూశాను. బాగుంది. దాని గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పదలచుకున్నది మా అక్క ఒడిలో కట్టుకుపోయిన బియ్యం మూట గురించి, ఆ మూటను మోసిన ఒక చౌక విమానం గురించి. మా వైపు ఆ విమానం ఎక్కాలా వద్దా అని ఇంకా తల గోక్కుంటున్నవాళ్ళు ఉన్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

జహీరాబాద్

బీదర్ మాకు పక్కిల్లు లాంటిది. రాష్ట్రం వేరైనా సంతలు, సంబంధాలు, దవాఖానలు కలిసే ఉంటాయి. అక్కడి నుంచి మైసూరుకు కొత్తగా విమానం వేస్తున్నారనీ, టికెట్ ధర మంచి బస్సు కన్నా కాస్తే ఎక్కువనీ తెలిసిన రోజు నా దుకాణం ముందు పంచాయితీ పెట్టినంత పనైంది. ఆ కంపెనీ గుర్తు ఒక పిచ్చుక. కన్నడం కలిసిన మా నోళ్ళకు పిచ్చుక అంటే గుబ్బి. కంపెనీ అసలు పేరు ఎవరికీ నోరు తిరగలేదు. గుబ్బి విమానం అన్న పేరే నిలిచిపోయింది.

"గంత తక్కువకు ఎట్ల తిప్పుతడన్నా? పెట్రోలుకు బదులు నీళ్ళు పోస్తడా?" అన్నాడు ఆలుగడ్డల వ్యాపారం చేసే మల్లేశం.

"నువ్వు నా దగ్గర్నే చక్కెర ఎందుకు కొంటవ్?" అని అడిగాను.

"నీ దగ్గర సస్త ఉంటది గనక."

"చక్కెర మీద నాకేం మిగలదు మల్లేశం. చక్కెరకని వచ్చినోనివి చాపత్త, సబ్బు, అగర్‌బత్తి గూడ కొంట పోతవ్. ఆడ మిగుల్తది. గా విమానం గూడ గంతే. సీటు చక్కెర, మిగిలినయన్ని చాపత్త."

మా మాటలో సస్త అంటే చౌక, చాపత్త అంటే టీ పొడి. ఇది ఊహించి చెప్పిన మాట కాదు. ఫోనులో అక్కకూ నాకూ టికెట్లు కొంటుంటే ఆ కంపెనీ నన్ను వదలకుండా అడుగుతూనే పోయింది. కిటికీ పక్కన కావాలా, ఇద్దరూ ఒకేచోట కూర్చోవాలా, అందరికన్నా ముందు ఎక్కాలా, తినడానికి ఏమైనా, తాగడానికి ఏమైనా, పెద్ద పెట్టె ఉందా. ప్రతిదానికీ విడిగా ధర. విమానమెక్కే పాసు కాగితం వాళ్ళ దగ్గర అచ్చు వేయించుకున్నా డబ్బు కట్టాలి. ఒక్క సంచి, అదీ సీటు కింద పట్టేది, మాత్రం ఊరికే తెచ్చుకోవచ్చు. నేను అన్నిటికీ వద్దు వద్దు అని నొక్కుకుంటూ పోయి, పాసు కాగితాలు మా గల్లీ చివర జిరాక్స్ దుకాణంలో తీయించాను. ఒక దుకాణదారుడు ఇంకో దుకాణదారుడి ఎత్తు కనిపెడితే వచ్చే సంతోషం మామూలుది కాదు.

ఇక అక్క సంగతి. నీలక్క నాకన్నా పదేళ్ళు పెద్దది. బావ వాళ్ళది మా పక్కనున్న న్యాల్‌కల్ దగ్గరి కుటుంబమే. పట్టు మిల్లులో ఉద్యోగం దొరికి మైసూరులో స్థిరపడ్డారు. మా దగ్గర పెళ్ళయిన ఆడబిడ్డకు మూడేళ్ళకో ఐదేళ్ళకో పుట్టింటివాళ్ళు ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకచెక్కలు, పసుపు కొమ్ములు, రవికె గుడ్డ ఒడిలో పోసి, మూటగా ముడివేసి నడుముకు కడతారు. ఆమె తన ఇంటికి పోయి ఆ బియ్యం వండి నలుగురికి పెట్టుకుంటుంది. చాలా ఇళ్ళలో పొలిమేర దాటగానే మూటను సంచిలో వేసేసుకుంటారు. మా అమ్మ మాత్రం ఒప్పుకునేది కాదు. "ఒడిల పోసింది నీ దేవునర్రల్నే దిగాలె బిడ్డా. నడుమల నేల తగులొద్దు" అనేది. దేవునర్ర అంటే పూజగది.

పుట్టిల్లూ మెట్టినిల్లూ పక్కపక్క ఊళ్ళలో ఉన్న కాలపు మాట అది. మైసూరు దాకా ఎలా కుదురుతుంది? బస్సు మారాలి, రైలెక్కాలి, పడుకోవాలి. పెళ్ళయిన నాటి నుంచీ ప్రతిసారీ మూట బెర్తు కిందికే పోయింది. ఇంటికి చేరాక అమ్మ ఫోనులో ఒక్కటే అడిగేది, ఎక్కడన్నా దించినవా అని. అక్క మాట మార్చేది. అమ్మ పోయాక నా భార్య అనసూయ ఎన్నిసార్లు పిలిచినా "వద్దులే అనసూయా, ఎందుకు తిప్పలు" అనేది. ఒడి ఖాళీగా ఏళ్ళు గడిచిపోయాయి.

ఈ మాఘంలో ఆమెను రప్పించింది అనసూయే. "పొద్దున పోస్త వదినె. పగటిపూట బువ్వ యాళ్ళకు మీ ఇంట్ల ఉంటవు. మూట దించే పనే లేదు" అని ఫోనులో చెప్పింది. ఆ వారంలోనే అక్క రైలెక్కి వచ్చేసింది.

అమ్మ లేకుండా అనసూయ పోసిన మొదటి ఒడిబియ్యం అది. దోసిళ్ళతో నెమ్మదిగా పోసింది. అక్క కళ్ళు తుడుచుకుని "మంచిగ పోసినవ్, అమ్మ పోసినట్టే ఉంది" అంది. ఐదుంబావు కిలోల బియ్యం, పైన దినుసులు. ముడి బిగించి నడుముకు రెండు చుట్లు తిప్పి కట్టాము.

న్యాల్‌కల్ దారి

కారు ఖాజా భాయిది. ఎప్పుడూ గుంతలను చూడకుండా నడిపే మనిషి ఆ రోజు ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ ముందే చెప్పి ఎక్కించాడు. "ఫికర్ జెయ్యకు అక్కా, ఒడిల పాల గిన్నె వెట్టుకున్నట్టు తీస్కపోత" అన్నాడు.

మా ఎర్రనేల దాటి న్యాల్‌కల్ వైపు నల్లరేగడి మొదలవుతుంది. జొన్న కోతకొచ్చింది, కుసుమ పూలు ఎర్రబారి ఎండుతున్నాయి. అక్క కిటికీలోంచి చూస్తూ ఆ చేను ఎవరిది, ఈ బోరు ఎప్పుడు వేశారు అని అడుగుతూనే ఉంది. ఒక చెయ్యి మాత్రం మూట మీద నుంచి తీయలేదు.

నా కాళ్ళ దగ్గర ఒక సంచిలో కోహీర్ జామకాయలు ఉన్నాయి. బావకు ఇష్టమని చివరి కాపులోంచి ఏరి కొన్నవి. ఇది నేను చేసిన తెలివితక్కువ పని. టికెట్ కొనేటప్పుడు అంత లెక్క చూసినవాణ్ణి, జామకాయలు కూడా సామానే అన్న ముక్క మరిచిపోయాను.

బీదర్

బీదర్ ఆకాశంలో వాయుసేన శిక్షణ విమానాలు గిరగిర తిరగడం మాకు చిన్నప్పటి నుంచి అలవాటే. అవి మనవి కావు, పైన పోతుంటాయి అంతే. ఆ రోజు విమానాశ్రయం ముందు మాత్రం జాతర. డోళ్ళు వాయిస్తున్నారు, మైకులో ఎవరో కన్నడంలో పిచ్చుక గురించి ప్రసంగిస్తున్నారు, తువ్వాళ్ళ రైతులు, చంకన పిల్లలతో ఆడవాళ్ళు, టిఫిన్ డబ్బాలు. దిగి వచ్చిన విమానం మీద రెండు ట్యాంకర్లు రెండు వైపుల నుంచి నీళ్ళు చిమ్మాయి.

"కొత్త బండికి నీళ్ళు చల్లిన్రు బాగనే ఉంది. చక్రాల కింద నిమ్మకాయలేవి?" అంది అక్క.

మొదటి గండం తనిఖీ దగ్గర వచ్చింది. ఖాకీ బట్టల్లో ఉన్న ఆడమనిషి అక్క నడుము చూసి అదేమిటని కన్నడంలో అడిగింది. నలభై ఏళ్ళుగా మైసూరులో ఉన్న అక్క, చక్కని మైసూరు కన్నడంలో "మడిలక్కి" అని చెప్పింది. మడిలు అంటే ఒడి, అక్కి అంటే బియ్యం. ఆమెకు అర్థం కాలేదు. ఆమెది బీదర్ అవతలి ఔరాద్, అక్కడి కన్నడం వేరు. నేను ముందుకు జరిగి "ఒడి అమ్మా, ఒడిబియ్యం" అన్నాను.

"ఓ, ఉడి!" అని ఆమె ముఖం విప్పారింది. వెనక నిలబడ్డ ఒక మరాఠీ పెద్దావిడ "ఓటీ, ఓటీ" అని అందుకుంది. ఒడి, ఉడి, ఓటీ. మూడు భాషల్లో ఒకే మూట. కానీ నియమం నియమమే, మూట యంత్రంలోంచి పోవాల్సిందే. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె గొంతు తగ్గించింది.

"నేల మీద పెట్ట" అంది అక్క.

"నేల ఎందుకు తగులుతదక్కా, నేనున్న గద" అంది ఆమె మా భాషలోకి దిగి. ఒక ట్రే తుడిచి, అందులో తన ఉతికిన చేతిరుమాలు పరిచింది. అక్క నడుము కట్టు సడలించి మూటను అందులో పెట్టింది. ఆ ఖాకీ మనిషి యంత్రం అవతలి వైపు ముందే పోయి నిలబడి, ట్రే రాగానే మూటను రెండు చేతుల్లోకి ఎత్తుకుని, అక్క ఒడిలో పెట్టి, కట్టు తానే బిగించింది. తనకు ఉడి నింపి ఐదేళ్ళు దాటిందనీ, పుట్టింటికి పోయేందుకు సెలవు దొరకడం లేదనీ చెప్పింది. అక్క చేతిసంచిలోంచి కుంకుమ తీసి ఆమె నుదుట పెట్టి "నీ ఒడి గూడ నిండుతది బిడ్డా" అంది.

కాస్త దూరం నడిచాక నేను అక్క ముఖం వైపు చూశాను. మూట నడుము వదిలింది కదా, ఏమనుకుంటోందో అని.

"ఏం సూస్తున్నవ్? దించుడు గాదది. ముత్తైదువ చేతుల్తోని రెండోసారి పోసుడు" అంది.

గేటు

అసలు గండం ఇక్కడ ఉంది. విమానం ఎక్కే గేటు దగ్గర ఇనుప చట్రం ఒకటి పెట్టారు. మీ సంచి అందులో దిగితే ఊరికే, దిగకపోతే డబ్బు. గేటు దగ్గర కట్టే డబ్బు టికెట్ కన్నా ఎక్కువ. ఆ కంపెనీ ఎక్కడ బతుకుతోందో అప్పుడు పూర్తిగా అర్థమైంది. నా దుకాణంలో చాపత్త ఉన్న అర ఇదే.

నా చేతిసంచి దిగింది. అక్క సంచి దిగింది. జామకాయల సంచి చట్రం నోటి దగ్గరే ఆగిపోయింది. డబ్బు కట్టడమా, కాయలు పారేయడమా? రెండూ నా వల్ల కాదు. అనసూయ రొట్టెలతో కట్టిచ్చిన కారం ఉప్పు పొట్లం విప్పి, వరుసలో ఉన్నవాళ్ళందరికీ ఒక్కొక్క కాయ పంచాను. మొదటి ప్రయాణం కదా అని అందరూ ప్రసాదం లాగా తీసుకున్నారు. గేటు దగ్గరి టై కట్టుకున్న కుర్రాడు కూడా ఒకటి తీసుకుని కొరికాడు. కొరుకుతూనే అక్క నడుము వైపు వేలు చూపించాడు.

అతనిది కేరళ. ఇంగ్లీషు బాగా వచ్చు, హిందీ అంతంత మాత్రం. నేను మా జహీరాబాద్ ఉర్దూలో వివరించాను. "సామాన్ నహీ సాబ్, యే గోద్ హై" అన్నాను. ఒడిని ఉర్దూలో గోద్ అంటాం. ఆ అబ్బాయి నమలడం ఆపేశాడు. గోద్ అతని చెవిలో గాడ్‌గా పడింది. మూటలో దేవుడున్నాడనుకున్నాడు.

చేతిలోని పలకలాంటి ఫోనులో ఏదో వెతికి, విగ్రహమైతే పక్క సీటు కొనాలన్నాడు. వీణలకూ తబలాలకూ అదే నియమమట. మా వెనక ఉన్న, మా జిల్లాలోనే రాయికోడ్ ఊరి పిల్ల ఒకతె మైసూరులో చదువుకుంటోంది. ఆమె నవ్వు ఆపుకోలేక కింద కూర్చుండిపోయింది. తరవాత లేచి, ఇంగ్లీషులో దేవుడు కాదు, ఒడి అని విడమరిచి చెప్పింది.

అయినా మూట మూటే అన్నాడతను. రెండో సామాను. నేను జేబులో చెయ్యి పెట్టాను, పోతే పోయిందని. అప్పుడతను ఇంకో మాట చెప్పాడు. గేటు దగ్గర డబ్బు కట్టిన సామాను పైకి రాదు, విమానం కింది అరలోకే పోతుంది. అంటే డబ్బు కట్టినా మూట అక్క ఒడిలో ఉండదు. పెట్టెల కింద నేల మీద ఉంటుంది. దీనికోసమే కదా ఇంత దూరం వచ్చింది. జేబులోంచి చెయ్యి తీసేశాను.

అక్క మాత్రం కదల్లేదు. అంతకు ముందే లోపలికి పోయిన ఒక నిండు చూలాలిని చూపించింది. "ఇందాక పోయిన పిల్ల కడుపు గీ డబ్బాల వట్టిందా అడుగు తమ్మీ. ఆమె కడుపుకు పైసలడగనోడు నా ఒడికెందుకు అడుగుతడు?"

రాయికోడ్ పిల్ల దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. వరుసంతా గొల్లుమంది. కుర్రాడు ఎర్రబడిపోయి పెద్దవాళ్ళను పిలుస్తానన్నాడు. పిలవాల్సిన పని లేకుండా, పక్కన చొక్కా చేతులు మడిచి ప్రయాణికుల సంచులు చట్రంలోంచి బయటికి లాగుతున్న నడివయసు మనిషి ఒకాయన దగ్గరికి వచ్చాడు. ఆయన్ని నేను హమాలీ అనుకున్నాను.

ఆయన మూటను చూశాడు, అక్కను చూశాడు. కన్నడంలో ఒక్క ప్రశ్న వేశాడు. తెలుగులో చెప్పాలంటే "అమ్మా, ఇది కట్టుకున్నదా, పట్టుకున్నదా?" అని.

అక్క రెండు చేతులూ మూట మీద నుంచి తీసి, తలకన్నా పైకి ఎత్తింది. మూట నడుముకు అంటుకుని అలాగే నిలిచింది. చేతులెత్తి ఒక చుట్టు తిరిగి మరీ చూపించింది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో.

"కట్టుకున్నదే. కట్టుకున్న బట్టకు మనం డబ్బు తీసుకోం" అన్నాడాయన. చప్పట్లు మోగాయి. కేరళ కుర్రాడు కూడా జామకాయ జేబులో వేసుకుని చప్పట్లు కొట్టాడు.

గాలిలో

విమానం లోపల చూడవలసినవి ఉన్నాయి. సీట్లు వెనక్కి వాలవు. ముందు సీటు వీపు మీద నాకు పశువుల దాణా ప్రకటన, అక్కకు బోరు మోటారు ప్రకటన. సీటు దగ్గర చదవడానికి పుస్తకం లేదు, ముందర సంచీ లేదు. చాయ్ ధర విన్న తరవాత దాహం దానంతట అదే తీరిపోయింది. మా ఊళ్ళో ఆ డబ్బుకు ఇరానీ చాయ్ తాగి, ఉస్మానియా బిస్కెట్లు తిని, పక్కవాడికి కూడా పోయించవచ్చు.

విమానం కదిలే ముందు ఒడి మీదుగా నడుము పట్టీ చాలలేదు. విమానంలో పని చూసే అమ్మాయి లోపలికి పోయి, లావుపాటి వాళ్ళకిచ్చే అదనపు పట్టీ తెచ్చి, మూట కిందుగా తిప్పి బిగించింది. దీనికెంత అని అడిగాను. ఇది ఊరికే అంది. ఆ విమానంలో ఊరికే దొరికింది ఆ పట్టీ ఒక్కటే.

పైకి లేచేటప్పుడు అక్క కళ్ళు మూసుకుని మూటను పొదివి పట్టుకుంది. మబ్బులు కిందికి పోయాక కళ్ళు తెరిచి "గింతేనా?" అంది. జొన్నరొట్టెలు విప్పాము. రాయికోడ్ పిల్ల తను కొన్న ఖరీదైన శాండ్‌విచ్ పక్కన పెట్టి మా రొట్టె, పల్లీల కారం తింది. ఇదివరకు ఏడాదికొకసారి ఇంటికి పోయేదాన్నని, ఇక మీదట నెలకొకసారి పోతానని చెప్పింది. ముందే కొంటే ధర ఎంత తగ్గుతుందో వేళ్ళ మీద చెప్పింది.

ఇంతలో చొక్కా చేతులు మడిచిన ఆ మనిషే చెత్త సంచి పట్టుకుని నడిమి దారిలో వచ్చాడు. ఖాళీ కప్పులు, కాగితాలు ఏరుతున్నాడు. రాయికోడ్ పిల్ల నా చెవిలో చెప్పింది, ఈయనే కంపెనీ యజమాని అని.

నా పక్కన నిలబడి మాట్లాడాడు. హుబ్బళ్ళి మనిషి. ఆయన కన్నడం, నా ఉర్దూ, మధ్యలో కొంచెం తెలుగు. నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. వాళ్ళ నాన్న ఒకప్పుడు బస్సులు తిప్పేవాడట. బస్సు నిలబడితే యజమాని పడుకున్నట్టే అనేవాడట. "విమానం కూడా అంతే. నేల మీద ఉన్నంతసేపూ తింటుంది, గాలిలో ఉన్నంతసేపూ సంపాదిస్తుంది. అందుకే దిగిన వెంటనే మళ్ళీ లేపుతాం. ఊడ్చేవాళ్ళ కోసం ఆగకుండా చెత్త దారిలోనే ఏరుకుంటాం. అన్నీ ఒకే రకం విమానాలు, ఒకే రకం విడిభాగాలు. వాలే సీటు విరుగుతుంది, వాలని సీటుకు రిపేరు లేదు."

"టికెట్ మీద ఏం మిగుల్తది?" అని అడిగాను.

"ఏం మిగలదు."

"చక్కెర" అన్నాను. నా చక్కెర, చాపత్త లెక్క చెప్పాను. ఆయన చెత్త సంచి కింద పెట్టి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇంత చిన్న మాటలో తానెప్పుడూ చెప్పలేకపోయానన్నాడు.

"మరి మా అక్క ఒడి ఊరికే ఎందుకు వదిలిన్రు? చాపత్త పాయె గద."

ఆయన అక్క వైపు చూసి నవ్వాడు. "మీ బీదర్ చుట్టూ, జహీరాబాద్ చుట్టూ ఎంతమంది ఆడపడుచులను దూరం ఊళ్ళకు ఇచ్చి ఉంటారు? విహారానికి వచ్చేవాడు ఒకసారి వచ్చి పోతాడు. ఆడపడుచు జన్మంతా వస్తూ పోతూ ఉంటుంది. ఒక్కతే రాదు, తమ్ముడు వెంట వస్తాడు." అక్క ఒడి దగ్గర ఆయన పోగొట్టుకున్నది నా సీటు దగ్గర రాబట్టుకున్నాడన్నమాట. వ్యాపారం చేస్తే ఇలా చేయాలి. ఆయన పోయాక చాలాసేపు మెచ్చుకుంటూ కూర్చున్నాను.

మైసూరు

బావ ఆటో తీసుకుని విమానాశ్రయానికి వచ్చాడు. అక్కడి ఆటోలు మీటరు వేసి, మీటరు ఎంత చూపితే అంతే తీసుకుంటాయి. మొదటిసారి చూసినవాడికి అది ప్యాలెస్ కన్నా వింత.

ఇల్లు చేరగానే అక్క చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, కుడికాలు ముందు పెట్టి గడప దాటింది. నేరుగా దేవునర్రలోకి పోయి కూర్చుంది. మూట విప్పుతుందని నేనూ బావా గుమ్మంలో నిలబడి చూస్తున్నాము. ఆమె విప్పలేదు. ఒడిలో అలాగే పెట్టుకుని కూర్చుంది.

"దించరాదక్కా, బరువైతలేదా?" అన్నాను.

"జర ఉండనియ్యి తమ్మీ. ఇన్నేండ్లల్ల ఒడి నిండ ఇంట్లకొచ్చుడు ఇదే మొదలు" అంది. తరవాత గోడకున్న అమ్మ ఫోటో వైపు తిరిగి, "ఏడ దించలేదే అవ్వా" అంది. బావ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను నీళ్ళ కోసం వంటింట్లోకి పోయాను.

మూడోనాడు ఒడిబియ్యం వండింది. ఆ వీధి ఆడవాళ్ళందరూ వచ్చారు. మడిలక్కి భోజనమని వాళ్ళూ సంబరపడ్డారు. వాళ్ళు సారు అనే చారు, పల్య అనే కూర తెచ్చారు. అక్క మన పచ్చిపులుసు చేసింది. కన్నడ ఆడవాళ్ళు దాన్ని తాగేశారు, అన్నంలో కలుపుకోవాలని చెప్పేలోపే. నాకు వాళ్ళు రాగిముద్ద పెట్టారు. జొన్నరొట్టె నమిలి నమిలి పెరిగిన పళ్ళు నావి, అది నమలకూడదట, మింగాలట. ఒక ముద్ద మింగి రెండు చెంబుల నీళ్ళు తాగాను. కాఫీ మాత్రం వాళ్ళదే కాఫీ, మనం తాగేది వేడినీళ్ళు.

భోజనాల దగ్గర అక్క గేటు కథ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ లేచి నిలబడి చేతులెత్తి ఒక చుట్టు తిరిగింది. సాయంత్రానికి ఆ వీధి పిల్లలందరూ నడుముకు తువ్వాళ్ళు కట్టుకుని తిరుగుతున్నారు.

తిరుగు ప్రయాణం

అక్క నన్ను ఖాళీ చేతులతో పంపుతుందా? మైసూర్‌పాక్ డబ్బాలు, కాఫీ పొడి, రసబాళె అరటిపళ్ళు, తమలపాకుల కట్టలు. సంచి నిండిపోయింది. ఇంకా సగం మిగిలింది. నాకొక ఆలోచన వచ్చింది. మిగిలినవన్నీ కొత్త తువ్వాలులో మూటగట్టి, చొక్కా మీదుగా నడుముకు చుట్టుకున్నాను. కట్టుకున్న బట్టకు డబ్బు లేదు కదా.

మైసూరు గేటు దగ్గర ఒక అమ్మాయి ఉంది. నా పాసు కాగితం చూసింది, ఆధార్‌లో జహీరాబాద్ అడ్రసు చూసింది, నా నడుము చూసింది. కన్నడంలో మెల్లగా అడిగింది, ఉడి అమ్మ మీకేమవుతారని. బీదర్ సంగతి వారం తిరక్కుండా కంపెనీ అంతా పాకిందన్నమాట. మా అక్క అని గర్వంగా చెప్పాను.

"అయితే మీకు తెలిసే ఉంటుంది సార్. చేతులెత్తండి" అంది.

ఎత్తాను. ఒక చుట్టు తిరగబోయాను. సగం తిరిగేసరికి తువ్వాలు జారింది. మైసూర్‌పాక్ డబ్బా దొర్లుకుంటూ వరుస చివరిదాకా పోయింది, అరటిపళ్ళు నా కాళ్ళ మీద పడ్డాయి. ఆ అమ్మాయి వంగి ఒక్కొక్కటీ ఏరి నా చేతికిచ్చి, పట్టుకున్నదే సార్, అంది. టికెట్ కన్నా ఎక్కువ కట్టాను. నా చాపత్త లెక్క నాకే చుట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు.

ఇల్లు చేరి చెప్పులు విడుస్తుంటే ఫోను మోగింది. చేరినవా అని అక్క అడుగుతుందనుకున్నాను.

"తమ్మీ, ఒడిబియ్యానికి ఐదేండ్లే ఆగాల్నా? మూడో ఏడు గూడ పొయ్యొచ్చు గద" అంది. పిలిస్తే వద్దులే అన్న మనిషి, పిలవకుండానే అడిగింది. ఫోను చెవి నుంచి తీసి అనసూయకు ఇచ్చాను. అనసూయ ఒక్క క్షణం విని, నవ్వి, నాతో చెప్పింది.

"టికెట్ ఇప్పట్నుంచే సూస్తుండమంటున్నది. ముందుగాల కొంటే సస్తనంట."